మూడలుగుల చాకు

పిన్నవారి వీధి మలుపుల
తాళాలు, గొళ్ళాలు, కొడవళ్ళు వేలాడే కొట్టు.
ఖుద్దూస్ సాబ్ మొదలు కత్తిపీట చూపెట్టిండు.
కాదన్న.
పండ్లు కోసే ప్లాస్టిక్ పిడిది చూపెట్టిండు.
కాదన్న.
"మరి ఏం కోస్తవు బిడ్డా?"
పత్తికాయ.
మిరప కాండం. వరి దుబ్బు. మందు సంచి మూతి. పెన్సిలు.
ఒక్కోసారి టిఫిన్లకు ఉల్లిగడ్డ.
అద్దాలు నుదుటి మీదికి నెట్టి
నన్ను మళ్ళొకసారి చూసి
అడుగు సొరుగు లాగిండు.

పాత పేపరు మీద
తొమ్మిది చాకులు
నోళ్ళు మూసుకొని పండుకున్నయి.

ఎర్రదాన్ని తీసిన.
కత్తెర, రంపం, సీసామూత తీసేది, పళ్ళపుల్ల...
జాతరకు పోయే బండి లెక్క అందర్నీ ఎక్కించుకున్నది.
ఒకటి విప్పబోతే ఇంకోటి లేస్తది.
పక్కకు పెట్టిన.
కొమ్ము పిడిది సక్కగున్నది గని
బురద చేతుల్తోని దాన్ని పట్టుకోబుద్ధి కాదు.
ఇత్తడిది ఎండల కాలుతది.

ఇగో, ఇది.
తుమ్మకర్ర పిడి, రెండు మేకులు,
బొటనవేలి గోరు పట్టేంత గాడి.
పెద్ద అలుగు లాగితే
సగంల ఒకసారి ఆగింది
ఏదో యాదికొచ్చినట్టు,
ఆ తర్వాత టక్కున నిలబడ్డది.
ఆ టక్కు విన్నంక
ధర అడుగుడు ఉత్త మర్యాదకే.

మా దిక్కు అలుగంటే చెరువుది.
అది దుంకితే ఊరంత చూడబోతది.
ఇది దుంకకుంట స్ప్రింగు చూసుకోవాలె.

"మెరిసే స్టీలు కాదు" అన్నడు.
"తడి తగిలితే తుడువు. వారానికో నూనె చుక్క.
అరిగితే నూరిచ్చుకో, పారేయకు."
పిల్లనిచ్చే తండ్రి లెక్క మాట్లాడిండు.
నాలుగు వందల ఇరవై అన్నడు,
ఆ అంకె మంచిగలేదని
ఆయనే ఇరవై తగ్గించిండు.
చేతికియ్యలేదు.
గల్లాపెట్టె మీద పెట్టి తీస్కొమ్మన్నడు.
కత్తి చేతికిస్తే కొట్లాటంట.

తీస్కున్న గని, యాడ పెట్టుకోను?
నా కుర్తాలకు జేబులేయి?
టైలర్ రాజమల్లు "జేబా? ఫోనుకా?" అన్నడు.
చాకుకన్న.
ఆయన కత్తెర గుడ్డల మధ్యన ఆగింది.
ఇగ ఏమనలేదు,
రెండు వరుసల కుట్టేసి
పైసలు ఒక వరుసకే తీస్కున్నడు.

నడికూడ అవతల చేరాలు చేను.
స్కూటీ ఒడ్డు మీద పెట్టి సాళ్ళల్లకు దిగిన.
కాయ పచ్చగ, నున్నగ,
ఫోటోకు కూసున్న పిల్ల లెక్కుంది.
చిన్న అలుగుతోని గాటు పెట్టి తిప్పిన.
లోపల గులాబీ రంగు పురుగు.
ఎంత ముద్దు రంగో దానిది.
"ఒక్కదాంట్ల ఉండొచ్చు మేడం" అన్నడు చేరాలు.
పది కోసిన.
ఆయన నా మొకం చూస్తలేడు, అలుగునే చూస్తుండు.
ఆరింట్ల ఉన్నది.
నోటుబుక్కుల ఆరు అని రాసిన,
పొద్దుగాల ఇదే చాకుతోని చెక్కిన పెన్సిలుతోని.

ఏం చెయ్యాల్నో చెప్పిన. ఎంతవరకు పనికొస్తదో కూడ చెప్పిన.
గాలికి పత్తాకులు కదిలినయి. ఇంకెవరం కదల్లేదు.

మూడో అలుగు దబ్బనం మొన.
అదెందుకో కొన్ననాడు నాకు తెల్వదు,
ఖుద్దూస్ సాబ్ కూడ చెప్పలేదు.
"ఇటు తే" అన్నది చేరాలు భార్య సారమ్మ.
గోరు పెట్టి మూడోదాన్నే లాగింది.
గట్టు మీద కూసొని
తెగిన చెప్పుకు బొక్క పొడిచి,
దారం దూర్చి, పళ్ళతోని ముడి బిగించింది.
ఏరేటందుకు నడువాలె గదా,
ఉన్న నాలుగు కాయలన్న.

కొంగుతోని అలుగు రెండుసార్లు తుడిచింది.
మడిచింది.
నేను చెయ్యి చాపిన.
ఇయ్యలేదు.
గట్టు మీద, మా ఇద్దరి మధ్యల పెట్టి
"తీస్కో" అన్నది.